కుక్క పొట్ట తరచూ పాడవుతుంటే: తిండితో, సప్లిమెంట్లతో దారికి తెచ్చే పద్ధతి

మా రాకీ లాబ్రడార్. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. రెండేళ్ల వయసులో పది రోజులకోసారి మోషన్స్ పెట్టుకునేవాడు. పెట్ షాపతను చెప్పిన పౌడర్ కలిపాం, పక్కింటి అంకుల్ చెప్పిన లివర్ టానిక్ పట్టించాం. వారం తగ్గేది, మళ్లీ మామూలే. చివరికి మా వెట్ ఒక మాట అన్నారు: "మందు తర్వాత ఇస్తాను. ముందు రోజంతా వీడు ఏమేం తింటాడో కాగితం మీద రాసుకుని రండి."

రాస్తే పన్నెండు రకాలు తేలాయి. పొద్దున్నే నాన్న టీలో ముంచి ఇచ్చే రెండు మేరీ బిస్కెట్లు, నేను పెట్టే డాగ్ ఫుడ్, మధ్యాహ్నం అమ్మ పెట్టే పెరుగన్నం, వాచ్‌మన్ వాళ్లావిడ ఇచ్చే చపాతీ, సాయంత్రం వాకింగ్‌లో ఎవరో ఇచ్చే బ్రెడ్... తమ్ముడు టేబుల్ కింద జారవిడిచే చికెన్ ఫ్రై ముక్క సంగతి ఆ రోజే బయటపడింది. ఇన్ని వెళ్తున్న పొట్టలోకి మేం పదమూడోది, పద్నాలుగోది కలుపుతున్నామన్నమాట.

అప్పటినుంచి నా లెక్క ఒకటే. పొట్ట పాడైన కుక్కకి కొత్తగా ఏదైనా కలిపే ముందు, ఉన్నవాటిలో తీసేయాల్సినవి తీసేయాలి. కింద రాసిందంతా ఆ వరుసలోనే ఉంటుంది. సప్లిమెంట్లు బాగా కిందికి వస్తాయి, కావాలనే అలా పెట్టాను.

## ఇంట్లో ఆగకూడని సందర్భాలు

ఇది చదువుతూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి వాంతులు, విరేచనాలు మొదలైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. దానికి గంటలు కూడా విలువైనవే. మోషన్ తారులా నల్లగా ఉన్నా, రక్తం ఎక్కువగా పడుతున్నా, నీళ్లు తాగినా కక్కేస్తున్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, లేవకుండా పడి ఉన్నా ఆగకండి. పొట్ట డోలులా ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలిక పడిందేమోనని అనుమానించాలి. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో ఇది ఎక్కువ. అర్ధరాత్రయినా సరే తీసుకెళ్లాలి.

వేసవిలో ఇంకో ప్రమాదం మామిడి టెంక. నున్నగా జారి గొంతు దిగుతుంది, పేగులో అడ్డం పడుతుంది. మొక్కజొన్న కండె కూడా అంతే. ఇలాంటిది మింగిందని అనుమానం ఉంటే ఏ డైటూ పనిచేయదు, ఎక్స్‌రే కావాలి.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో చూడటం తేలిక. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టండి. తడిగా, జారుగా ఉండాలి. జిగటగా, పొడిగా ఉంటే మంచిది కాదు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి.

## 1. మోషన్ చూడండి, రాయండి

ఎవరికైనా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది కానీ, సగం సమాచారం అక్కడే ఉంటుంది. గట్టిగా రాయిలా ఉంటే 1, నీళ్లలా ఉంటే 7 అనుకోండి. మంచి మోషన్ 2 దగ్గర ఉంటుంది: ఆకారం ఉంటుంది, కాగితంతో తీస్తే నేలకి దాదాపు అంటుకోదు. రోజూ ఆ అంకె, ఎన్నిసార్లు వెళ్లాడు, వాంతి ఉందా, ఆ రోజు ఏం తిన్నాడు, ఈ నాలుగూ చాలు. మేం ఫ్రిజ్ తలుపుకి ఒక క్యాలెండర్ తగిలించాం, గడిలో అంకె వేసేవాళ్లం. అమ్మ మొదట్లో "పిల్లల మార్కులు కూడా ఇంత శ్రద్ధగా రాయలేదురా" అని నవ్వింది. మూడో వారానికి నాకన్నా ముందు తనే వేసేది.

ఇంకో సంగతి గమనించండి. రోజుకి ఆరేడుసార్లు, కొంచెం కొంచెంగా, జిగురుతో, ముక్కుతూ వెళ్తుంటే, చివర్లో ఎర్రటి రక్తపు చుక్క కనిపిస్తే గొడవ పెద్దపేగులో. రోజుకి రెండు మూడుసార్లే అయినా ఎక్కువ మొత్తంలో పలచగా వెళ్తూ, కుక్క బరువు తగ్గుతుంటే గొడవ చిన్నపేగులో. పెద్దపేగు గొడవకి పీచు బాగా పనిచేస్తుంది. చిన్నపేగు గొడవైతే ఇంట్లో ప్రయోగాలు ఎక్కువ చేయకుండా రక్తపరీక్షలు చేయించడం మంచిది.

పొద్దున్నే ఖాళీ కడుపుతో పసుపు నురగ కక్కి, తర్వాత హుషారుగా తిరిగే కుక్కలు కొన్ని ఉంటాయి. అది చాలాసార్లు రాత్రి తిండికీ పొద్దుటి తిండికీ మధ్య దూరం ఎక్కువై పైత్యం పైకి రావడం. పడుకునే ముందు చిన్న పూట ఒకటి పెడితే చాలామటుకు ఆగిపోతుంది. వీధిలో గడ్డి తిన్నంత మాత్రాన మాత్రం భయపడక్కర్లేదు, బాగున్న కుక్కలూ తింటాయి.

## 2. పురుగులు లేవని తేల్చుకోండి

తిండి మార్చకముందే ఒక మోషన్ పరీక్ష చేయించండి. తాజా మోషన్‌ని చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్తే చాలు. నులిపురుగులు, కొంకిపురుగులు, జియార్డియా (కంటికి కనిపించనంత చిన్న పేగు పరాన్నజీవి) ఉంటే ఎంత మంచి తిండి పెట్టినా పొట్ట కుదురుకోదు. జియార్డియా ఒక్క శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, అనుమానం ఉంటే వేర్వేరు రోజులవి మూడు చూస్తారు. పెద్ద కుక్కలకి సాధారణంగా మూడు నెలలకోసారి డీవర్మింగ్ చేయిస్తారు. పిల్లలకైతే రెండో వారం నుంచే మొదలవుతుంది.

మనుషుల అల్బెండజోల్ మాత్ర విరిచి వేయడం మన దగ్గర మామూలైపోయింది. మోతాదు తప్పితే అది కుక్క ఎముక మజ్జని దెబ్బతీయగలదు. వెట్ బరువు చూసి రాసిన మందే వేయండి. అలాగే మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఎక్కువ. తిండి మానేయడం, వాంతులు కూడా దాని లక్షణాలే కాబట్టి రక్తపరీక్షలో దాన్నీ చూడమనండి.

## 3. పైతిండి ఆపండి

నిజం చెప్పాలంటే అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. కుక్కని కాదు, ఇంట్లోవాళ్లని ఒప్పించాలి. రెండు వారాలపాటు ఒకే తిండి, ఒకే చేయి. బిస్కెట్, బ్రెడ్, పాలు, డెంటల్ స్టిక్, నమిలే తోలు ఎముక, అన్నీ బంద్. ఇంట్లో పెద్దవాళ్లకి "పెట్టొద్దు" అంటే బాధపడతారు. మేం వాడి డాగ్ ఫుడ్‌లోంచే పొద్దున గుప్పెడు గింజలు తీసి నాన్న టీ కప్పు పక్కన చిన్న గిన్నెలో పెట్టేవాళ్లం. ఆయన బిస్కెట్ బదులు అవి ఇచ్చేవారు. రాకీకి కావాల్సింది నాన్న చేతి ముద్ద, అది మేరీ బిస్కెటే కానక్కర్లేదు.

కొన్ని ఎప్పటికీ పెట్టకూడనివి ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలని పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. కాబట్టి అల్లం వెల్లుల్లి పేస్ట్ పడిన కూర, బిర్యానీ, పులుసు, చివరికి ఆ గ్రేవీ కలిపిన అన్నం కూడా వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని పాడుచేస్తాయి. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుంచుకోండి. చాక్లెట్, జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ బిళ్లలు విషమే. ఉడికిన ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది.

కొవ్వు సంగతి విడిగా చెప్పాలి. దసరాకి, కనుమకి, బోనాలకి మటన్ వండినప్పుడు కత్తిరించి పారేసే కొవ్వంతా కుక్క గిన్నెలో పడుతుంది. ఒకేసారి అంత కొవ్వు వెళ్తే క్లోమం వాచి పాంక్రియాటైటిస్ రావచ్చు. వీపు వంచి, ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనుక భాగం పైకెత్తి నిలబడుతుంటే అది పొట్టనొప్పి. పండగ మర్నాడు అలా కనిపిస్తే "అరక్కపోయి ఉంటుందిలే" అనుకోవద్దు.

నిల్వ కూడా చూసుకోండి. షాపులో పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన అమ్మే లూజు డాగ్ ఫుడ్ చవకే గానీ, ఆ సంచి ఎప్పుడు విప్పారో తెలియదు. గాలి తగిలితే నూనె ముక్కవాసన పట్టేస్తుంది, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. చిన్న ప్యాకెట్ కొని, ఆ ప్యాకెట్‌తో సహా డబ్బాలో పెట్టి మూత వేయండి. మే నెలలో అన్నం గిన్నె అరగంట కన్నా ఎక్కువ బయట వదలకండి.

## 4. పొట్ట పాడైన రోజున: చికెన్, మెత్తటి అన్నం

2013లో వచ్చిన జన్యు పరిశోధన ఒకటి కుక్కలకీ తోడేళ్లకీ ఉన్న తేడాల్లో పిండిపదార్థం అరిగించే శక్తి ఒకటని చూపించింది. మనిషి దగ్గర బతికిన ఈ వేల ఏళ్లలో కుక్కలకి పిండిని అరిగించే ఎంజైమ్ జన్యువు కాపీలు పెరిగాయి. అందుకే అన్నం వాటికి పరాయిదేం కాదు. మెత్తగా ఉడికిన తెల్లన్నం సులువుగా అరుగుతుంది, పేగుకి పని తగ్గుతుంది.

వండటం ఇలా. పాలిష్ పట్టిన మామూలు బియ్యమే తీసుకోండి, దంపుడు బియ్యం ఇప్పుడు వద్దు. నీళ్లు ఎక్కువ పోసి రెండు విజిల్స్ అదనంగా రానివ్వండి, వేళ్ల మధ్య నలిపితే ముద్దయిపోవాలి. చికెన్ షాపులో స్కిన్ తీసేసిన బోన్‌లెస్ బ్రెస్ట్ అడగండి. కందనకాయ, లివర్, కాళ్లు ఈసారికి వద్దు. ఉప్పు, పసుపు, నూనె ఏమీ వేయకుండా నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికించండి. ముక్క తీసి చేత్తో పీచులు పీచులుగా చీల్చండి. ఉడికిన నీళ్లని ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లటి కొవ్వు పొర కడుతుంది. దాన్ని చెంచాతో తీసి పారేసి, కింద మిగిలిన నీళ్లు కొంచెం అన్నంలో కలపండి. మొహం తిప్పుకున్న కుక్క కూడా ఆ వాసనకి గిన్నె దగ్గరికి వస్తుంది.

కొలత: రెండు వంతుల అన్నం, ఒక వంతు చికెన్. 10 కిలోల కుక్కకి రోజు మొత్తానికి సుమారు 200 గ్రాముల అన్నం, 90–100 గ్రాముల ఉడికిన చికెన్ సరిపోతాయి. అంటే దాదాపు 400 కేలరీలు. 25 కిలోల కుక్కకి 400 గ్రాముల అన్నం, 170 గ్రాముల చికెన్. దీన్ని నాలుగు పూటలుగా పెట్టండి. ఒక్కసారే గిన్నెనిండా పెడితే చేసిన పనంతా వృథా. మీ కుక్క బరువుకి లెక్క కావాలంటే కిలోలని 30తో గుణించి 70 కలపండి, కదలకుండా పడుకున్నా కావాల్సిన కేలరీలు దాదాపు అంతే. మామూలు రోజుల్లో దానికి ఒకటిన్నర రెట్లకి కాస్త అటూఇటూ పడుతుంది.

"ఒకరోజు పస్తు పెట్టండి" అని పాతకాలం నుంచి ఒక సలహా ఉంది. వాంతులు అవుతున్న పెద్ద కుక్కకి ఆరు నుంచి పన్నెండు గంటలు ఆపడం సరే. వాంతులు లేకుండా మోషన్స్ మాత్రమే అయితే పస్తు అక్కర్లేదు, పేగు గోడ కోలుకోవడానికి కూడా తిండి కావాలి. కుక్కపిల్లలకి, పొమెరేనియన్ లాంటి చిన్న జాతులకి పస్తు అసలే వద్దు, షుగర్ పడిపోతుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఉప్పు వేయని పల్చటి గంజి కొంచెం కొంచెం పట్టించవచ్చు.

శాకాహారుల ఇళ్లలో చికెన్ బదులు ఉడికిన గుడ్డు పనికొస్తుంది. అదీ వద్దంటే ఇంట్లో విరిచి, నీళ్లతో కడిగి, గట్టిగా పిండిన పనీర్ కొద్దిగా పెట్టవచ్చు, పాలు పడే కుక్కైతేనే. రాగి జావ చాలామంది పెడతారు. మంచిదే, కానీ పలచగా వెళ్తున్న రోజున కాదు. దాంట్లో పీచు ఎక్కువ, పొట్ట సర్దుకున్నాక చూసుకోవచ్చు.

మూడు నుంచి ఐదు రోజులు ఇది చాలు. మూడో రోజుకీ తేడా లేకపోతే వెట్ దగ్గరికి. తగ్గింది కదా అని నెలల తరబడి ఇదే పెట్టడం పెద్ద పొరపాటు. చికెన్, అన్నంలో కాల్షియం దాదాపు లేనట్టే. జింక్, అయోడిన్, కొన్ని విటమిన్లు కూడా చాలవు.

ఇంకో మాట. మన మందుల డబ్బాలోంచి ఏదీ వేయొద్దు. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, కుక్క పొట్టలో పుండ్లు పుట్టిస్తాయి. మోషన్స్ ఆపే లోపరమైడ్ కోలీ జాతి, వాటి సంకరాల్లో ప్రాణం మీదికి తెస్తుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ చాలా ఇళ్లలో మిగిలి ఉంటుంది. అది పేగులోని మంచి బ్యాక్టీరియానీ ఊడ్చేస్తుంది, అందుకే మామూలు విరేచనాలకి యాంటీబయోటిక్ వద్దనే వెట్లే ఇప్పుడు ఎక్కువ.

## 5. రోజువారీ తిండిలోకి మళ్లించడం

రెండు రోజులు వరసగా మంచి మోషన్ వచ్చాక మళ్లింపు మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు నాలుగో వంతు మామూలు తిండి, మూడు వంతులు అన్నం–చికెన్. తర్వాత రెండు రోజులు సగం సగం. ఆ తర్వాత మూడు వంతులు మామూలు తిండి. వారం రోజుల్లో పూర్తిగా మారాలి. పొట్ట బాగా సున్నితమైతే పది రోజులు తీసుకోండి. మధ్యలో అంకె పెరిగితే వెనక్కి వెళ్లి ముందటి మెట్టు దగ్గర రెండు రోజులు ఆగండి.

ఏ తిండి? మా ఊళ్లో ఏ డాగ్ ఫుడ్‌ని అయినా "పెడిగ్రీ" అనే అంటారు, షాపతను కూడా. ప్యాకెట్ మీద చూడాల్సినవి రెండు: పూర్తి సమతుల ఆహారం అని ఉందా, కొవ్వు శాతం ఎంత. సున్నితమైన పొట్టకి మరీ కొవ్వు ఎక్కువున్నది వద్దు. రాయల్ కానిన్, హిల్స్, ఫార్మినా లాంటి కంపెనీలు పొట్ట సమస్యల కోసమే చేసే వెటర్నరీ ఆహారాలు ఉన్నాయి, వెట్ చెబితే కొనాలి. ఖరీదే. కానీ నెల నెలా మందులకి, డ్రిప్‌లకి పోసేది లెక్కేస్తే మాకు అదే చవక అయింది. "గ్రెయిన్‌ఫ్రీ" (ధాన్యాలు లేనిది) అని రాసి ఉంటే మంచిదనుకోవద్దు. బియ్యం పడని కుక్కలు తక్కువే.

ఇంటి వంటే పెడతామంటే అభ్యంతరం లేదు. కాకపోతే ఒకసారి వెట్‌తో కొలతలు రాయించుకోండి. ఎదిగిన కుక్కకి 1000 కేలరీల తిండికి సుమారు ఒక గ్రాము నుంచి ఒకటింపావు గ్రాముల కాల్షియం కావాలి. కోడిగుడ్డు పెంకుల్ని కడిగి, మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేస్తే అర టీస్పూన్‌లో దాదాపు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది. ప్యాకెట్ డాగ్ ఫుడ్ తినే కుక్కకి మాత్రం ఇది వేయకూడదు. పెద్ద జాతి పిల్లలకి అదనపు కాల్షియం ఎముకలని వంకర చేస్తుంది.

గబగబా మింగే కుక్కైతే వెడల్పాటి పళ్లెంలో పరిచి పెట్టండి. తిన్న వెంటనే పరుగులు, ఆటలు వద్దు.

## 6. ఇప్పుడు సప్లిమెంట్లు

ఒకసారికి ఒక్కటే. కనీసం రెండు వారాలు చూసి, క్యాలెండర్‌లో అంకె మారకపోతే ఆపేయండి. రెండు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పాడుచేసిందో ఎప్పటికీ తేలదు.

పీచు. నాకు అన్నిటికన్నా నమ్మకం దీని మీదే. కూర గుమ్మడి, అంటే తియ్య గుమ్మడికాయని, తొక్క, గింజలు తీసి ఆవిరి మీద ఉడికించి మెదపండి. 10 కిలోల కుక్కకి పూటకి ఒక టేబుల్ స్పూన్‌తో మొదలుపెట్టండి. ఇసబ్‌గోల్ అయితే అర టీస్పూన్, బాగా నీళ్లలో నానబెట్టి జెల్లీలా అయ్యాకే తిండిలో కలపండి. పొడిగా వేస్తే నీళ్లు పీల్చి లోపల అడ్డం పడుతుంది. వింతేమిటంటే ఇసబ్‌గోల్ పలచటి మోషన్‌ని గట్టిపరుస్తుంది, గట్టి మోషన్‌ని మెత్తబరుస్తుంది. జిగురుతో కూడిన పెద్దపేగు గొడవకి మంచిది. ఎక్కువైతే గ్యాస్ వస్తుంది, అప్పుడు సగానికి తగ్గించండి.

ప్రోబయోటిక్, అంటే పేగుకి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. కుక్కల్లో పరీక్షించిన రకాల్లో ఎంటరోకోకస్ ఫీషియం ఒకటి. సాకరోమైసిస్ బౌలార్డీ అనేది ఈస్ట్ జాతి, అందుకే యాంటీబయోటిక్ దాన్ని చంపదు. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయోటిక్‌కీ దానికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచాలి. ప్యాకెట్ మీద ఏ జాతి, ఎన్ని కోట్ల జీవకణాలు, ఎప్పటిదాకా బతికుంటాయి అని స్పష్టంగా రాసి ఉండాలి. "ప్రోబయోటిక్స్ కలిగినది" అని మాత్రమే ఉంటే డబ్బు దండగ. వేడి అన్నంలో కలపకండి, చచ్చిపోతాయి.

మరి పెరుగు? ఇంటి పెరుగులో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, కానీ ఏది, ఎంత అన్నది తోడుని బట్టి మారుతుంది. పాల కన్నా లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువ కాబట్టి చాలా కుక్కలకి ఒకటి రెండు చెంచాలు పడుతుంది. దాన్ని తిండిగా చూడండి, మందుగా కాదు. పాలు మాత్రం ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పడవు.

చేపనూనె. దీర్ఘకాలం పేగు వాపు ఉన్నవాటికి, చర్మం దురద కూడా ఉన్నవాటికి ఉపయోగం ఉంటుంది. కానీ అది కొవ్వే. మొదటి రోజే పూర్తి మోతాదు వేస్తే మోషన్స్ అవుతాయి, వారం పది రోజుల్లో నెమ్మదిగా పెంచాలి. పాంక్రియాటైటిస్ వచ్చిన కుక్కకి వెట్‌ని అడక్కుండా వద్దు. కాడ్ లివర్ ఆయిల్ వేరు. దాంట్లో ఎ, డి విటమిన్లు ఎక్కువ, పేరుకుపోతే విషం.

బి12. చిన్నపేగు పాడైతే ఇది ఒంటికి పట్టదు. ఇది తక్కువగా ఉన్నంతకాలం మిగతా వైద్యం కూడా సరిగ్గా అందుకోదు. రక్తపరీక్షలో తక్కువని తేలితే మామూలుగా వారానికొక ఇంజెక్షన్ చొప్పున ఆరు వారాలు ఇస్తారు, మాత్రలతో కూడా పెంచవచ్చు. పరీక్ష లేకుండా బి కాంప్లెక్స్ సిరప్ పట్టడం వల్ల ఒరిగేదేం లేదు.

ఎంజైమ్‌లు. క్లోమం ఎంజైమ్‌లు తయారుచేయని జబ్బు ఒకటుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. ఎంత తిన్నా ఎముకలు తేలిపోతాయి, మోషన్ కుప్పలుగా, జిడ్డుగా ఉంటుంది. టీఎల్ఐ అనే రక్తపరీక్షలో తేలుతుంది. వాటికి ఎంజైమ్ పౌడర్ ప్రతి పూటా, జీవితాంతం కావాలి. మిగతా కుక్కలకి దాంతో పని లేదు.

లివర్ టానిక్‌లు, యాపిల్ సైడర్ వెనిగర్, చిటికెడు పసుపు, బొగ్గు మాత్రలు... వీటి మీద నాకు పెద్దగా గౌరవం లేదు. సమస్య లివర్‌దని ఎవరూ తేల్చకుండానే మూడు సీసాల టానిక్ తాగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

## 7. ఇంతకీ కుదరకపోతే: ఎలిమినేషన్ డైట్

మూడు వారాలకి పైగా వచ్చి పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలిక సమస్య కింద లెక్కేస్తారు. వాటిలో ఎక్కువ భాగం కేవలం సరైన తిండి దొరికితేనే సర్దుకుంటాయి. అది కనుక్కోవడానికి కుక్క ఇదివరకు తినని మాంసం ఒకటి, తినని పిండిపదార్థం ఒకటి ఎంచుకుని ఆ రెండే పెట్టాలి. ఎక్కువగా పడనివి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. మన కుక్కలు పుట్టినప్పటి నుంచి చికెన్ మీదే పెరుగుతాయి కాబట్టి ముళ్లు లేని చేప, చిలగడదుంప మంచి జోడీ. కౌజుపిట్ట, బాతు కోడికి చుట్టాలే కాబట్టి వాటిని కొత్త మాంసం కింద లెక్కేయొద్దు. వండే ఓపిక లేకపోతే హైడ్రలైజ్డ్ ప్రోటీన్ ఆహారం దొరుకుతుంది. దాంట్లో ప్రోటీన్‌ని ఒంటి రోగనిరోధక శక్తి గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేస్తారు. ఎదిగే పిల్లలకి అదే మేలు.

పొట్ట విషయంలో తేడా సాధారణంగా రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. దురద కూడా ఉంటే ఎనిమిది వారాలు పట్టాలి. మధ్యలో ఒక్క బిస్కెట్ పడినా లెక్క మళ్లీ మొదటికి. మా మొదటి ప్రయత్నం ఐదో వారంలో చెడింది. ఎవరూ ఏమీ పెట్టలేదని ఒట్లు వేశారు. తీరా చూస్తే నేనే: ఆ నెల వేసిన నమిలే డీవర్మింగ్ మాత్రలో చికెన్ ఫ్లేవర్ ఉంది. గోమార్లకి వేసే నమిలే మాత్రల్లో, కాల్షియం బిళ్లల్లో, రుచిగల సిరప్‌లలో కూడా ఇలాంటివి ఉంటాయి. మొదలుపెట్టే ముందే వెట్‌ని అడిగి రుచి లేనివి, మెడ మీద పోసేవి రాయించుకోండి. టెన్షన్ తగ్గుతుంది.

పొట్ట కుదురుకున్నాక అసలు పని: పాతవాటిని ఒక్కొక్కటిగా తిరిగి కలపడం. ఒక్కోదానికి వారం నుంచి రెండు వారాలు. పాత గొడవ తిరిగి వస్తే ఆపి, మళ్లీ మంచి మోషన్ వచ్చేదాకా ఆగి, తర్వాతి దానికి వెళ్లాలి. చాలామంది ఈ మెట్టు వదిలేసి, భయంతో జీవితాంతం చేపే పెడతారు. మేమూ అలాగే చేసేవాళ్లమేమో, కానీ చేప రేటు ఆ పని చేయనివ్వలేదు.

ఇంట్లో అందరం దోషి చికెనే అనుకున్నాం. రెండు వారాలు ఉడికిన చికెన్ పెట్టాం, క్యాలెండర్‌లో అన్నీ 2లే. మొదటిసారి దెబ్బతీసింది ఆ మాత్రలోని చికెన్ కాదేమో, దాంట్లో కలిపిన ఇంకేదో అయి ఉంటుంది. పెరుగు రెండు చెంచాలు, పర్వాలేదు. ఆ తర్వాత గోధుమ. పొద్దున అర చపాతీ పెట్టాం. మొదటి రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు 5, నాలుగో రోజు జిగురు. టీలో ముంచిన మేరీ బిస్కెట్, వాకింగ్‌లో బ్రెడ్, కింద ఇచ్చే చపాతీ, అన్నీ ఒక్క గూటివే.

నాన్నకి గింజల గిన్నె అలాగే కొనసాగింది. వాచ్‌మన్ వాళ్లావిడకి చెప్పడానికే మొహమాటపడ్డాను, ఏమనుకుంటుందోనని. ఆమె విని, "ముందే చెప్పొద్దా అన్నా, మేం రాత్రికి తినేది జొన్న రొట్టెనే కదా" అంది. ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి రాకీ గేటు దగ్గర వాడి ముక్క కోసం కూర్చుంటాడు. ఆ ముక్కని కూడా క్యాలెండర్‌లో రాస్తాం.